ఇతరుల కోసం ప్రార్థించే సామాన్య విశ్వాసులకు: తరచుగా అడిగే ప్రశ్నలు

మా సంఘంలో రోగులను, దుఃఖంలో ఉన్న కుటుంబాలను చూడటానికి వెళ్లే చిన్న బృందం ఒకటి ఉంది. అందులో పాస్టర్లు లేరు. కుట్టుపని చేసే అమ్మ, రిటైరైన బస్సు కండక్టరు, డిగ్రీ చదివే పిల్లలు, ఇద్దరు ముగ్గురు గృహిణులు, అంతే. కొత్తగా చేరేవాళ్లు ప్రతిసారీ అవే సందేహాలతో వస్తున్నారు. ఆరాధన అయ్యాక చెప్పులు వేసుకుంటూ అడిగే ప్రశ్నలకు నిలబడి చెప్పే జవాబులు సగంలోనే ఆగిపోతున్నాయి కాబట్టి, అన్నీ ఒకచోట రాసి పెట్టాం. ఏ ప్రశ్న దగ్గర నుంచైనా చదువుకోవచ్చు.

## మొదలుపెట్టే ముందు

నేను పాస్టరును కాను, వాక్యం పెద్దగా తెలియదు. నా ప్రార్థనకు విలువ ఉంటుందా?

ఉంటుంది. దమస్కులో చూపు పోయి కూర్చున్న సౌలు దగ్గరికి దేవుడు పంపింది అపొస్తలుణ్ణి కాదు, అననీయను. ఆయన గురించి అపొస్తలుల కార్యములు 9వ అధ్యాయం చెప్పే పరిచయం "ఒక శిష్యుడు" అనే. ఆయనకు భయం వేసింది, వెనకాడాడు, చివరికి వెళ్లి "సౌలా, సహోదరుడా" అని పిలిచి చేతులుంచాడు. మన నేల మీదా కథ ఇలాగే నడిచింది. ఒంగోలు ప్రాంతంలో తొలి తరం విశ్వాసుల్లో ముఖ్యుడైన ఎర్రగుంట్ల పేరయ్య తోళ్ల వ్యాపారం చేసుకునేవాడు. 1912లో దోర్నకల్ బిషప్ అయిన వి.ఎస్. అజరయ్య, బాప్తిస్మం పొందేవాళ్లు తమ తల మీద తామే చెయ్యి పెట్టుకుని సువార్త చెప్పే బాధ్యత తమదేనని పలికేలా చేసేవారు. వాళ్లలో ఎక్కువమంది పొలం కూలీలు. ప్రార్థనను పాస్టరు గారి శాఖగా చూడటం మనం తర్వాత చేసుకున్న అలవాటు.

నా ఇంట్లోనే ప్రార్థనకు జవాబు రాలేదు. ఇంకొకరి కోసం ఏ ముఖంతో ప్రార్థించాలి?

ఆ ముఖంతోనే. తన శరీరంలో ముల్లు తీసివేయమని మూడుసార్లు వేడుకున్నా అది పోలేదని పౌలే రాసుకున్నాడు. తోటి పనివాడు త్రోఫిమును మిలేతులో రోగిగానే వదిలి వచ్చానని కూడా రాశాడు. జవాబు రాని ఇంటివాళ్లు రోగి ముందు తేలిక మాటలు మాట్లాడరు. మా బృందంలో ఎక్కువమంది ఎదురుచూసేది, పిల్లాడి జబ్బుతో ఏళ్లుగా ఆసుపత్రుల చుట్టూ తిరుగుతున్న ఒక తల్లి రాక కోసమే.

నాకు పెద్ద ప్రార్థనలు రావు. ఏం మాట్లాడాలి?

మనిషి పేరు, అవసరం, మీరు అడుగుతున్నది, ఈ మూడూ ఉంటే చాలు. "తండ్రీ, సుశీలమ్మ గారికి రేపు ఆపరేషను. ఆమెకు భయంగా ఉంది. ఈ రాత్రి నిద్ర ఇవ్వు. వైద్యుల చేతులకు నేర్పు ఇవ్వు. యేసు నామంలో, ఆమేన్." (పేరు ఊహించి పెట్టాం.) ఇంతకంటే పొడవు అక్కర్లేదు. నెహెమ్యా రాజు ముందు నిలబడి, అడిగిన ప్రశ్నకు జవాబు చెప్పేలోపే ప్రార్థించాడు. అంత సందులో ఎన్ని మాటలు పట్టి ఉంటాయి?

మీరు రోజూ మాట్లాడే తెలుగులోనే మాట్లాడండి. మైకు ముందు వినే ఊపును, గొంతు మార్పును అనుకరించనవసరం లేదు. ఇంట్లో "నాన్నా" అని పిలిచేవాళ్లు కళ్లు మూయగానే గ్రాంథికంలోకి దూకడం వినడానికి వింతగా ఉంటుంది. మాటలు అసలే రాకపోతే 23వ కీర్తనో 121వ కీర్తనో నెమ్మదిగా చదివి, ప్రభువు నేర్పిన ప్రార్థన కలిసి చెప్పండి. ఆ రెండూ పెద్దవాళ్లకు కంఠస్థం కాబట్టి, మాట తడబడే రోగి కూడా పెదవులు కదుపుతాడు.

"ప్రార్థనలో జ్ఞాపకం చేసుకోండి" అని చాలామంది అడుగుతారు. సరేనని మరిచిపోతున్నాను. ఏం చేయాలి?

అడిగిన చోటే, అప్పుడే రెండు వాక్యాలు ప్రార్థించేయండి. బస్టాండులోనైనా, ఫోనులోనైనా. తర్వాత చేస్తానన్న ప్రార్థనల్లో చాలావరకు జరగవు.

రాసుకోవడం కూడా పనిచేస్తుంది. మా కుట్టుపని అమ్మ రోజూ చింపే క్యాలెండరు కాగితాలు పారేయదు. వాటి వెనకవైపు పేరు, విషయం, అడిగిన తేదీ రాసి మిషను సొరుగులో పెడుతుంది. ఉదయం మిషను తెరిచేటప్పుడు పై కాగితం తీసి ఆ పేరుతో ప్రార్థించి అడుగుకు పెడుతుంది. పని జరిగిపోయిన కాగితం మీద ఎర్రదారంతో ఒక కుట్టు వేస్తుంది. చనిపోయినవాళ్ల కాగితాలు మాత్రం తీయదు, ఆ ఇంటివాళ్ల పేర్లు కింద చేరుస్తుంది. ఇంతకంటే మంచి ప్రార్థన పుస్తకం ఏ క్రైస్తవ పుస్తకాల దుకాణంలోనూ కనబడలేదు.

## రోగి దగ్గర

ఆసుపత్రికి ఎప్పుడు వెళ్లాలి? ఎంతమంది, ఎంతసేపు?

సందర్శకుల వేళలోనే, ఇద్దరు, పది నిమిషాలు. స్త్రీ రోగి అయితే ఇద్దరిలో ఒకరు స్త్రీ అయి ఉండాలి. పన్నెండుమంది మంచం చుట్టూ నిలబడి పాటలు పాడటం ఆ రోగికి ఆదరణ అనిపించవచ్చుగానీ, పక్క మంచం మీద నొప్పితో నిద్ర పట్టని మనిషికి అది శిక్ష. సాధారణ వార్డులో మీ గొంతు రోగికి వినబడితే చాలు.

ముందు ఫోను చేసి ఇంటివాళ్లను అడగండి. జలుబు, దగ్గు, జ్వరం ఉంటే వెళ్లకండి. కీమోథెరపీ తీసుకుంటున్నవాళ్లకు మీ మామూలు జలుబు కూడా ప్రమాదమే. లోపలికి వెళ్లేటప్పుడూ వచ్చేటప్పుడూ చేతులు కడుక్కోండి. మంచం మీద కూర్చోవద్దు. సెలైన్ గొట్టం ఏ వైపు ఉందో చూసి రెండోవైపు నిలబడండి. డాక్టరో నర్సో వస్తే ప్రార్థన మధ్యలో ఉన్నా ఆపి పక్కకు జరగండి.

ఇక అందరూ మరిచిపోయే మనిషి ఒకరుంటారు. మంచం పక్కన నేల మీద చాప వేసుకుని, ఫ్లాస్కు, టిఫిన్ క్యారియరు, ఎక్స్‌రే కవరు తల దగ్గర పెట్టుకుని కూర్చున్న అటెండెంటు. నాలుగు రోజులుగా స్నానం లేదు. మందుల చీటీ పట్టుకుని కిందికీ పైకీ తిరుగుతున్నది ఆమే. రోగి కోసం ప్రార్థించి ఆమె పేరు ఎత్తకుండా రావద్దు. "రెండు గంటలు నేనుంటాను, మీరు ఇంటికెళ్లి స్నానం చేసి, భోంచేసి రండి" అని చెప్పగలిగితే అదే ఆ రోజుకు పెద్ద సాయం. ఈ మాట విని ఏడ్చినవాళ్లున్నారు.

రోగితో ఏం మాట్లాడకూడదు?

"మా చిన్నాన్నకూ ఇదే జబ్బు, ఆరు నెలలు కూడా ఉండలేదు." "ఏదో పాపం దాచి ఉంటావు, ఒప్పుకో." "దేవుడు నిన్ను పరీక్షిస్తున్నాడు." ఈ మూడూ మేము మంచాల దగ్గర విన్నవే. పుట్టు గుడ్డివాడిని చూసి ఎవరి పాపమని శిష్యులు అడిగితే, ఇతడిదీ కాదు, ఇతని తల్లిదండ్రులదీ కాదని యేసు చెప్పాడు. యోహాను 9వ అధ్యాయం అక్కడుండగా మనం కారణాలు వెతకడం ఎందుకు? వాళ్లు మాట్లాడితే వినండి. ప్రార్థించేముందు "దేని కోసం ప్రార్థించమంటారు?" అని అడగండి. జబ్బు గురించి కాకుండా ఇంటర్ పరీక్షలు రాస్తున్న కూతురి గురించి అడిగినవాళ్లు ఎందరో.

చేతులుంచి, నూనె రాసి ప్రార్థించవచ్చా?

యాకోబు పత్రిక 5:14 ప్రకారం రోగి సంఘ పెద్దలను పిలిపించుకోవాలి, వాళ్లు నూనె రాసి ప్రార్థించాలి. అంటే పిలుపు రోగిది. కాబట్టి ముందు అడగండి, ఒప్పుకుంటే నుదుటి మీదో చేతి మీదో తాకండి. గాయం, కుట్లు, కాలిన చోటు, ఆపరేషనుకు సిద్ధం చేసిన చర్మం మీద నూనె రాయకూడదు. ఐసీయూలో నూనె వద్దే వద్దు. రోగి కథోలికులైతే అవస్థ అభ్యంగనం (రోగికి నూనె రాసే సంస్కారం) ఇచ్చేది గురువు మాత్రమే. మీరు ఫాదర్ గారికి కబురు పెట్టండి, మీ వంతుగా ప్రార్థించి రండి.

అభిషేక తైలం అంటూ సీసాల్లో అమ్మే నూనె సంగతి అడుగుతుంటారు. యాకోబు ధర చెప్పలేదు. మేము కొనం, కొనమని ఎవరికీ చెప్పం.

ప్రార్థన చేయించుకున్నాక మందులు ఆపేయవచ్చా? మందులు వాడితే విశ్వాసం తక్కువైనట్టా?

ఆపకూడదు. ఈ ఒక్క విషయంలో మా బృందంలో రెండో అభిప్రాయం లేదు.

హిజ్కియా రాజు జబ్బుపడి కన్నీళ్లతో ప్రార్థించాడు, దేవుడు విన్నానన్నాడు. ఆ వెంటనే యెషయా అంజూరపు పండ్ల ముద్ద తెప్పించి పుండు మీద వేయించాడు. పౌలు వెంట తిరిగిన లూకా వైద్యుడు. తిమోతి కడుపు జబ్బుకు పౌలు ప్రార్థన కూడిక పెట్టించలేదు, కొంచెం ద్రాక్షారసం పుచ్చుకోమన్నాడు. 1883లో గుంటూరు వచ్చిన లూథరన్ వైద్యురాలు అన్నా కుగ్లర్ ప్రార్థన తెలియక 1898లో ఆసుపత్రి తెరవలేదు. మన జిల్లాల నుంచి వేలమంది రైలెక్కి వెళ్లే వెల్లూరు సీఎంసీ, ఐడా స్కడర్ 1900లో ఒకే మంచంతో మొదలుపెట్టిన వైద్యశాల. మందును విశ్వాసానికి పోటీగా నిలబెట్టేవాళ్లకు ఈ చరిత్ర తెలియదు, లేదా తెలిసీ చెప్పరు.

క్షయ మందులు సాధారణంగా ఆరు నెలలు వాడాలి. రెండు నెలలకు దగ్గు తగ్గిందని మానేస్తే జబ్బు మందులకు లొంగని రూపంలో తిరిగి రావచ్చు. ఇన్సులిన్, మూర్ఛ మాత్రలు, మానసిక జబ్బుల మందులు డాక్టరు చెప్పకుండా మానేస్తే ప్రాణం మీదకు రావచ్చు. పాము కాటుకు విరుగుడు ఆసుపత్రిలో ఉంటుంది. 108కి ఫోను చేసి, అంబులెన్సులో కూర్చున్నాక ఎంతసేపైనా ప్రార్థించండి. "నాకు నయమైంది" అని ఎవరైనా అంటే సంతోషించండి, పరీక్ష చేయించమనండి. నిజంగా నయమైతే రిపోర్టులో కూడా కనబడుతుంది.

"తప్పకుండా బాగవుతారు" అని ధైర్యం చెప్పవచ్చా?

వద్దు. అది మీరు ఇవ్వగల మాట కాదు. "బాగు చేయమని అడుగుతున్నాం, ఏది ఎలా ఉన్నా మీ వెంట ఉంటాం" అనండి. రెండో సగం మీ చేతిలో ఉంది కాబట్టి నిలబెట్టుకోండి. హామీ ఇచ్చి, ఆ మనిషి చనిపోతే, ఇంటివాళ్లు తమ విశ్వాసం చాలలేదేమోనని ఏళ్ల తరబడి కుమిలిపోతారు.

## ఇంటి కష్టాల్లో

చావు జరిగిన ఇంటికి వెళ్తే ఏం చెప్పాలి?

దాదాపు ఏమీ చెప్పక్కర్లేదు. యోబు స్నేహితులు ఏడు పగళ్లు, ఏడు రాత్రులు నేల మీద అతనితో కూర్చుని ఒక్క మాటా మాట్లాడలేదు. వాళ్లు చేసిన మంచిపని అదే, నోరు తెరిచాక అంతా చెడింది. "దేవునికి ప్రియమైనవాళ్లను త్వరగా తీసుకుంటాడు" అనే మాట పసిబిడ్డను పోగొట్టుకున్న తల్లి ముందు దయచేసి అనకండి.

చేయాల్సిన పనులు బోలెడు. కుర్చీలు తేవాలి, దూరం నుంచి వచ్చేవాళ్లను బస్టాండు నుంచి తీసుకురావాలి, పిల్లలకు అన్నం పెట్టాలి, సమాధి స్థలం సంగతి సంఘ పెద్దలతో మాట్లాడాలి. మరణాన్ని 21 రోజుల్లోగా పంచాయతీలోనో మున్సిపాలిటీలోనో నమోదు చేయించాలి. ఆ ధ్రువపత్రం లేకపోతే బ్యాంకు, పింఛను, బీమా ఏదీ కదలదు. ఆ కాగితం కోసం వెంట తిరిగే మనిషి మీరే అవ్వండి.

ఆదరణ కూడిక నాటికి ఇల్లు నిండా జనం ఉంటారు. అందరూ వెళ్లిపోయిన నెలకు, ఆ మనిషి పుట్టినరోజుకు, మొదటి క్రిస్మస్‌కు వెళ్లండి. చనిపోయినవారి పేరు ఎత్తి మాట్లాడండి. 88వ కీర్తన చీకటిలోనే ముగుస్తుంది. అలాంటి కీర్తన కూడా ప్రార్థనేనని వాళ్లకు చదివి వినిపించవచ్చు.

ప్రార్థన చేస్తే చాలదా, డబ్బు కూడా ఇవ్వాలా?

బట్టలూ తిండీ లేనివాళ్లకు "సమాధానంగా వెళ్లండి" అని చెప్పి పంపడాన్ని యాకోబు తప్పుపట్టాడు. యొప్పేలో తబితా చనిపోతే విధవరాళ్లు పేతురుకు చూపించింది ఆమె కుట్టిన అంగీలను, వస్త్రాలను. డబ్బు లేకపోయినా మార్గాలున్నాయి. మిజోరంలో క్రైస్తవ కుటుంబాలు వంట చేసే ప్రతిపూటా పిడికెడు బియ్యం పక్కకు తీసి సంఘానికి ఇచ్చే ఆచారం వందేళ్లకు పైగా నడుస్తోంది. మన సంఘాల్లోనూ పిడికెడు బియ్యం సంచి కొన్ని చోట్ల ఉంది. లేనిచోట స్త్రీల కూడికలో మొదలుపెట్టండి.

డబ్బు ఇచ్చేటప్పుడు వీలైతే మందుల దుకాణంలోనే కట్టేయండి, రసీదు వాళ్లకివ్వండి. హక్కుగా వచ్చేవి ఇప్పించడం ఇంకా మంచిది. తెలంగాణలో ఆరోగ్యశ్రీ, ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ వైద్య సేవ వర్తిస్తాయేమో ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను అడగండి. క్షయ రోగులకు చికిత్స కాలంలో నిక్షయ్ పోషణ్ కింద నెలకు 1,000 రూపాయలు వస్తాయి. బ్యాంకు ఖాతా వివరాలు ఇవ్వకపోవడం వల్ల ఆగిపోయినవాళ్లుంటారు, ఒకసారి వాకబు చేయండి.

పక్కింటివాళ్లు హిందువులో ముస్లింలో. వాళ్ల కోసం ప్రార్థించవచ్చా? మతం మార్చడానికి వచ్చామనుకుంటే?

మీ ఇంట్లో మీరు ఎవరి కోసమైనా ప్రార్థించుకోవచ్చు. వాళ్ల ఇంట్లో అయితే ముందు అడగాలి, వద్దంటే ముఖం మాడ్చుకోకుండా టీ తాగి రావాలి. సాయానికి షరతు ఉండకూడదు. బియ్యం ఇచ్చి ఆదివారం రమ్మనడం సాయం కాదు, బేరం.

ఈ విషయంలో మనకు 1876-78 నాటి కరువు కాలపు ఉదాహరణ ఉంది. ఒంగోలు బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో మూడున్నర మైళ్ల పని కాంట్రాక్టుకు తీసుకుని, ఆకలితో ఉన్నవాళ్లకు కూలి ఇచ్చాడు. బాప్తిస్మం ఇమ్మని ఎందరో అడిగినా సహాయ పనులు సాగినంతకాలం ఇవ్వలేదు. తిండి కోసం మతం పుచ్చుకున్నారనే మాట రాకూడదని, నిజంగానే అలా జరగకూడదని. కూలి పనులు ఆగాక కూడా జనం వచ్చారు. 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఈ అంకెను చాలామంది ప్రసంగాల్లో చెబుతారు. దాని ముందు నెలల తరబడి వద్దని చెప్పిన సంగతి మాత్రం తక్కువమంది చెబుతారు.

భర్త కొడుతున్నాడని ఒక సహోదరి చెప్పింది. ఓర్చుకుని ప్రార్థించమనాలా?

అనకూడదు. ముందు ఆమె, పిల్లలు ఈ రాత్రి ఎక్కడ క్షేమంగా ఉంటారో చూడండి. 181 మహిళా హెల్ప్‌లైను, ప్రాణాపాయం ఉంటే 112. జిల్లాలోని సఖి కేంద్రంలో వైద్యం, న్యాయ సలహా, తాత్కాలిక వసతి దొరుకుతాయి. గృహహింస నుంచి మహిళలకు రక్షణ కల్పించే చట్టం 2005 నుంచి ఉంది. పిల్లలకు హాని జరుగుతుంటే 1098. భర్త కూడా సంఘ సభ్యుడే అయితే "రాజీ కూడిక" పెట్టి ఇద్దరినీ ఎదురెదురుగా కూర్చోబెట్టకండి. ఆ కూడిక తర్వాత ఇంట్లో తలుపు మూసుకున్నాక దెబ్బలు తినేది ఆమె.

"చనిపోవాలనిపిస్తోంది" అంటున్నారు. ఇంట్లోవాళ్లేమో దయ్యం పట్టిందంటున్నారు. ఏం చేయాలి?

ఒంటరిగా వదలకండి. పురుగుమందు, మాత్రలు, తాళ్లు అందుబాటులో లేకుండా తీసేయండి. 14416కు ఫోను చేస్తే టెలి మానస్ సలహాదారులు ఉచితంగా, ఏ వేళలోనైనా, తెలుగులో మాట్లాడతారు. మానసిక వైద్యుడి దగ్గరికి మీరే తోడు వెళ్లండి. పక్కన కూర్చుని మెల్లగా ప్రార్థించవచ్చు. కట్టేయడం, కొట్టడం, రోజుల తరబడి పస్తులుంచడం ఎవరు చేస్తున్నా ఆపించండి. చేసేది సేవకుడని చెప్పుకునేవాడైనా సరే, పోలీసులకు చెప్పాల్సిన నేరమే.

## కొంతకాలం గడిచాక

ప్రార్థన విన్నపాన్ని వాట్సాప్ గ్రూపులో పెట్టవచ్చా?

ఆ మనిషి అనుమతిస్తే, వాళ్లు చెప్పమన్నంత వరకే. జబ్బు పేరు, రిపోర్టుల ఫొటోలు, మంచం మీది ఫొటో వద్దు. "మన సహోదరి ఒకరి ఆరోగ్యం కోసం" అంటే దేవుడికి అర్థమవుతుంది. పెళ్లి కావాల్సిన అమ్మాయి గర్భసంచి ఆపరేషను సంగతి నాలుగు ఊళ్లకు పాకింది ప్రార్థన గ్రూపు వల్లే.

ఎన్నాళ్లు ప్రార్థించాలి? ఒకసారి అడిగితే చాలదా?

చాలంటే చాలు, కానీ న్యాయాధిపతిని విసిగించిన విధవరాలి కథను యేసు చెప్పింది విసుగక ప్రార్థించడం గురించే. 1854 జనవరి 1 తెల్లవారుజామున బాప్టిస్టు మిషనరీ లైమన్ జ్యూవెట్ దంపతులు కొద్దిమంది తెలుగు విశ్వాసులతో కలిసి ఒంగోలు కొండెక్కి, ఆ ఊరికి ఒక మిషనరీ కావాలని ప్రార్థించారు. క్లౌ దంపతులు ఒంగోలులో కాపురం పెట్టింది 1866లో. ఈ పన్నెండేళ్లు జ్యూవెట్ దంపతులు ఊరికే కూర్చోలేదు, తమ పని తాము చేసుకుంటూనే ఉన్నారు.

ఉపవాసం ఉంటేనే ప్రార్థన బలంగా ఉంటుందా?

ఉపవాసం మీ మనసును ప్రార్థన మీద నిలుపుతుంది. దేవుణ్ణి ఒత్తిడి చేసే పద్ధతి కాదు. చక్కెర వ్యాధి ఉన్నవాళ్లు, గర్భిణులు, పాలిచ్చే తల్లులు, రోజూ వేళకు మాత్రలు వేసుకునేవాళ్లు శుక్రవారపు ఉపవాస ప్రార్థనకు భోంచేసి రావచ్చు. ఎవరూ అడగకూడదు, అడిగితే చెప్పనవసరం లేదు.

బాగైన తర్వాత కానుక ఇస్తున్నారు. తీసుకోవచ్చా? సాక్ష్యం మనం చెప్పవచ్చా?

కానుక తీసుకోవద్దు. నయమాను ఇవ్వబోయిన బహుమానాలను ఎలీషా తాకలేదు. వెనక పరుగెత్తి తీసుకున్న గేహజీకి ఏమైందో రెండవ రాజుల గ్రంథం 5వ అధ్యాయంలో ఉంది. ఇవ్వాలని పట్టుబడితే సంఘం కానుకపెట్టెలో వేయమనండి, లేదా ఇంకో రోగి మందుల చీటీ చేతికివ్వండి. ఇంట్లో కూర్చోబెట్టి భోజనం పెడితే మాత్రం శుభ్రంగా తిని రండి. అది కానుక లెక్కలోకి రాదు.

సాక్ష్యం వాళ్లది. చెప్పాలో వద్దో, ఎప్పుడో, ఎంతో వాళ్లిష్టం. "మేము ప్రార్థించాం, బాగైంది" అని మన పేరు ముందు పెట్టి చెప్పడం మొదలైతే, అదే వార్డులో అదే ప్రార్థన చేసినా బాగుకాని మనిషి ఇంటికి మళ్లీ ఏ ముఖంతో వెళ్తారు?

మా వాళ్లు గల్ఫ్‌లోనో అమెరికాలోనో ఉన్నారు. ఫోనులో ప్రార్థిస్తే సరిపోతుందా?

సరిపోతుంది. వాళ్ల వేళ చూసుకుని చేయండి. కువైట్‌లో ఇళ్లలో పనిచేసే మన కడప, గోదావరి జిల్లాల స్త్రీలకు చాలాచోట్ల యజమానుల పని ముగిశాక రాత్రి పూటే ఫోను చేతికొస్తుంది. మనకు అప్పటికి ఇంకో రెండున్నర గంటలు ఎక్కువ గడిచి ఉంటుంది, మేలుకుని ఉండండి. ముందు వాళ్లను మాట్లాడనివ్వండి, ఫోను పెట్టేసే ముందు ప్రార్థించండి. ఇక్కడ వాళ్ల పిల్లలను చూసుకుంటున్న అమ్మమ్మనో నాయనమ్మనో వారానికోసారి వెళ్లి పలకరించి, పిల్లలు ఎలా ఉన్నారో ఉన్నదున్నట్టు అక్కడికి చెప్పండి.